ఉల్టా ముఖాల బొంత

ఆ శనివారం పొద్దున్నే తలుపు తీసేసరికి గడప ముందు నిమ్మకాయ కనిపించింది. నాలుగు చెక్కలుగా కోసి, అడుగున మాత్రం విడిపోకుండా వదిలి, నడుమ కుంకుమ కూరి పెట్టారు. పక్కన మూడు ఎండుమిరపకాయలు. మా గదికి ఉన్నది ఒకటే తలుపు. నేను లోపలే నిలబడిపోయాను. మా ఆయన మాత్రం, రాత్రిళ్లు మాతోపాటు గదిలోనే పడుకునే సైకిలును భుజానికెత్తుకుని, నిమ్మకాయ మీంచి దాటించి, "నాకు డ్యూటీకి టైమైంది, నువ్వూ అదీ తేల్చుకోండి" అని వెళ్లిపోయాడు.

నిమ్మకాయ ఎవరు పెట్టారో నాకు తెలుసు. ఎందుకు పెట్టారో కూడా తెలుసనుకున్నాను. అక్కడే తప్పాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేస్తోంది. మా ఆయన అక్కడ రంగుల పని. గోదావరి వైపు నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక సైకిలు, రెండు దిండ్లతో వచ్చి ఖాజాగూడలో దిగాం. అప్పటికి అది ఇంకా ఊరే. చెరువు, బండలు, బర్రెలు. ఇంటామె తన ఇంటి వెనక వరసగా మూడు గదులు కట్టి కిరాయికి ఇచ్చింది. మాది చివరి గది. దాని వెనక గోడ ఒక పెద్ద బండ. గోడ కట్టే ఖర్చు తప్పుతుందని బండకే ఆనించి కట్టారు. ఆ బండ ప్రతి రాత్రీ బెత్తెడు తూర్పుకు జరుగుతుందనీ, అందుకే మా గది రోజురోజుకీ పెద్దదవుతోందనీ వాడలో అందరికీ చెప్పాను. ఇద్దరు నమ్మారు. ఒకామె వచ్చి జానతో కొలుచుకుని కూడా పోయింది.

ఇంటామెకు నలభై అయిదేళ్లుంటాయి. నాలుగు బర్రెలు, ఎడమ బుగ్గ మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ, గేటు దగ్గర నుంచి మాట్లాడినా పెరట్లోకి వినపడే గొంతు. ఆమె పెనిమిటి నీళ్ల ట్యాంకరు నడిపేవాడు, ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ ఉండేవాడు. నన్ను ఆమె పిల్లా అని పిలిచేది. నేను అక్కా అనేదాన్ని, అలవాటు చొప్పున చివర అండి తగిలించేదాన్ని.

"అక్కాండి ఏంది పిల్లా. అక్కనో అండినో ఒక్కటే అను, రెండు పెడితే బరువైతున్నది" అని నవ్వేది.

ఆ నవ్వు పది రోజులుగా లేదు. రోజూ చెంబెడు మజ్జిగ పంపేది, అది ఆగిపోయింది. నేను నల్లా దగ్గరికి వెళ్తే ఆమె బిందె నిండకుండానే తీసుకుని వెళ్లిపోయేది. మొదటి కాన్పుకు వచ్చి ఉన్న ఆమె కూతురు, ఏడో నెల, నాతో అష్టాచెమ్మా ఆడకపోతే సాయంత్రం గడవదనేది. ఇప్పుడు ఆ పిల్ల అరుగు మీద కూర్చుని నన్ను చూస్తే చాలు, లోపల్నుంచి కేక వచ్చేది.

"లోపటికి రా బిడ్డా. పొద్దు గూకింది."

పొద్దు గూకడానికి ఇంకా రెండు గంటలుండేది.

దీనికి నేనొక కథ అల్లుకున్నాను. అల్లడం నా పని కదా. అద్దాల మేడ లేస్తున్నకొద్దీ స్కూటర్ల మీద కుర్రాళ్లు వచ్చి గదులున్నాయా అని అడిగి పోతున్నారు. మెడలో పట్టీ, పట్టీకి కార్డు. వాళ్లు మా కంటే ఎక్కువ కిరాయి ఇస్తారు. కాబట్టి ఇంటామె మమ్మల్ని వెళ్లగొట్టడానికి చూస్తోంది, నోటితో చెప్పలేక నిమ్మకాయతో చెప్పిస్తోంది. ఈ కథ నాకు ఎంత బాగా నచ్చిందంటే, ఆమె ఎవరితో మాట్లాడినా గది బేరమే అనిపించేది. ఒకరోజు పశువుల డాక్టరు స్కూటర్ మీద వస్తే, ఆయనకు వినపడేలా మా గదిలో తేళ్లున్నాయని పాట పాడాను. ఆమె నన్ను అనుమానిస్తోంది, నేను ఆమెను అనుమానిస్తున్నాను. ఇద్దరి అనుమానాలూ ఒకే పెరట్లో, ఒకదాన్నొకటి చూసుకోకుండా తిరిగేవి.

ఆమె అనుమానం ఏమిటో చెప్పాలంటే, ముందు నా చేతిపని గురించి చెప్పాలి.

కానుక కొనే స్తోమత లేనివాళ్లకు కానుక చేసే చేతులుండాలని మా అమ్మమ్మ అనేది. నిజానికి ఆమె అనలేదు, నేనే ఇప్పుడు ఆమెకు అంటగట్టాను. నా విద్య ఒక ప్రమాదంలో దొరికింది. మా ఆయన పనిచోట మిగిలిన థిన్నరు సీసాలో పోసి తెచ్చుకునేవాడు, చేతుల రంగు వదిలించుకోవడానికి. ఒకరోజు ఆ సీసా ఒలికి, ఆయన గుర్తింపు కార్డు జిరాక్సు కాగితం తడిసి, దాని కింద ఉతికి మడతపెట్టిన బనీనుకు అంటుకుంది. కాగితం లాగి చూస్తే బనీను మీద మా ఆయన ముఖం. మరక కాదు, ముఖమే, మీసంతో సహా. అది వేసుకుని ఆయన పనికెళ్తే, గేటు దగ్గర కార్డు అడగకుండానే లోపలికి వదిలారని చాలామందికి చెప్పాను.

ఆ తర్వాత నేనది నేర్చుకున్నాను. ఫోటోను జిరాక్సు తీయించడం, ఆ కాగితాన్ని తెల్ల నూలుబట్ట మీద బోర్లా పరచడం, దూదితో థిన్నరు అద్దడం, స్టీలు చెంచా వెనకభాగంతో బరువుగా రుద్దడం. ఎక్కువ తడిస్తే నల్లగా పాకిపోతుంది, తక్కువైతే ముక్కు వస్తుంది, కళ్లు రావు. అలా జేబురుమాళ్ల మీద, దిండు గలేబుల మీద, కూరల సంచుల మీద ముఖాలు దింపేదాన్ని. చుట్టూ కాడ కుట్టు కుట్టేదాన్ని, గోడకు తగిలించేవైతే విరిగిన గాజుముక్కలు అంచుగా అంటించేదాన్ని. మేడ దగ్గర కాపలా ఉండే ఒకాయన, పాలమూరు వైపు ఊళ్లో ఉన్న తల్లికి తన పిల్లవాడి ముఖం ఉన్న రుమాలు పంపాడు. ఆ తల్లి దాంతో ఏనాడూ ముఖం తుడుచుకోలేదట. కాగితం బోర్లా వేస్తాం కనక బొమ్మ తిరగబడి వస్తుంది, కుడి ఎడమవుతుంది. అది నాకు తెలుసు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటామె కూతురు కాన్పుకు వచ్చాక ఆ బిడ్డకు ఏదైనా ఇవ్వాలనిపించింది. వెండి గజ్జెలు మా వల్ల కాదు. పాత చీరలతో మెత్తటి బొంత కుట్టి, నాలుగు మూలలా నాలుగు ముఖాలు పెడదామనుకున్నాను. అమ్మమ్మ, తాత, తల్లి, తండ్రి. బిడ్డ ఏ పక్కకు దొర్లినా సొంతవాళ్ల ముఖమే తగలాలి. పడుకోబెట్టే ముందు పదిసార్లు ఉతికి, పది ఎండలు ఎండబెడితే థిన్నరు వాసన పోతుంది. లెక్కంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కుట్టకూడదు. అది మా వైపూ ఉంది, వీళ్ల వైపూ ఉంది. పుట్టాక పాతగుడ్డలో చుట్టడమే తప్ప, ముందుగా లంగోటీ కూడా సిద్ధం చేయరు. చేస్తే దిష్టి, ఇంకా ఏదేదో. కానీ బొంత ఒక్క వారంలో అయ్యే పని కాదు. కాబట్టి రహస్యంగా కుట్టాలి, పుట్టాక ఇప్పుడే కుట్టానని అబద్ధం చెప్పాలి. అబద్ధం నాకు కష్టమైన భాగం కాదు.

దసరా ముందు వాళ్ల ఇల్లు దులుపుతుంటే, గోడల మీది ఫోటోలు నేను తుడిచి తెస్తానన్నాను. గదికి తెచ్చి, వెనక అట్టలు ఊడదీసి, ఫోటోలు తీసి, పుస్తకంలో దాచి, సెవెన్ సీటర్ ఆటోలో ఇరుక్కుని మాదాపూర్‌లో జిరాక్సు తీయించి, మధ్యాహ్నానికల్లా మళ్లీ బిగించాను. పాత మేకులు తుప్పుపట్టి విరిగిపోతే, మా ఆయన డబ్బాలోంచి కొత్తవి కొట్టాను. బట్టకేమో, బర్రెలను తుడవడానికి కొట్టంలో పడేసిన ఇంటామె పాత చీరలున్నాయి కదా, వాటిలో వెలిసి తెల్లబడ్డ మెత్తటి చోట్లు చూసి కత్తిరించుకున్నాను. చిరిగిన గుడ్డలోంచి ముక్క పోతే ఎవరికి తెలుస్తుందనుకున్నాను.

ఆమె అన్నీ చూసింది. ఫోటోల వెనక కొత్త మేకులు మెరవడం చూసింది. తన చీర కొంగుల్లో చదరంగా కోసిన చోట్లు చూసింది. ఎలుక చదరంగా కొరకదు కదా. మా గదిలోంచి వచ్చే వాసనకు కూతురు రెండుసార్లు వాంతి చేసుకోవడం చూసింది. వీటన్నిటికీ తోడు, నేనే చెప్పిన ఒక కథ ఆమె దగ్గర భద్రంగా ఉంది. మా అమ్మమ్మ గోదావరి వంతెన మీద నిలబడి, కళ్లు ఎర్రజేసి, ఎదురుగా వస్తున్న లారీని కాలు కదపకుండా ఆపిందనీ, ఆ చూపు మా ఇంట్లో ఆడవాళ్లకు తరతరాలుగా వస్తోందనీ, నాకు సగమే వచ్చిందనీ ఆ వేసవిలో మామిడికాయ ముక్కలు కోస్తూ చెప్పాను. అప్పుడు ఆమె పొట్ట చేత పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నవ్వుగా ఉండిపోయిందనుకున్నాను. లోపల ఎక్కడో ఊరుతోందని తెలియలేదు.

నిమ్మకాయ పెట్టిన మూడో రోజు, సోమవారం, నేను నల్లా దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. గది తలుపు దగ్గరగా వేసి వచ్చాను. తిరిగి చూస్తే ఇంటామె పెరటి నడుమ నిలబడి ఉంది. చేతిలో నేను బొంత ముక్కలు దాచుకున్న రెక్సిన్ సంచి. పక్కింటామె, బర్రెల పాలు తీసుకుపోవడానికి వచ్చినామె, రెండడుగులు వెనక.

"ఏంది పిల్లా గిది?"

బట్టముక్కలు ఒక్కొక్కటే బట్టలుతికే బండరాయి మీద పరిచింది. తన ముఖం. పెనిమిటి ముఖం. కూతురు. అల్లుడు. నాలుగూ నల్లగా, నాలుగూ తిరగబడి. ఆమె గొంతు ఎప్పటిలా గేటుదాకా వెళ్లలేదు. అందుకే నాకు భయమేసింది.

"చూడు, మొగని గడియారం కుడి చేతికొచ్చింది. నా పైట గా దిక్కు ఎట్ల పోయింది? పెండ్లయినకాడికెల్లి నా పైట ఎడమ దిక్కే ఉన్నది."

పక్కింటామె వంగి, అల్లుడి బొమ్మ అడుగున వేలు పెట్టింది. అక్కడ ఫోటోస్టూడియో పేరు ఉండేది. తిరగబడి ఏ భాషా కానట్టు కనిపిస్తోంది.

"గిది చదువొస్తలేదు వదినా. నాకు అచ్చరాలొస్తయి గని గివి మన అచ్చరాలు కావు. మంత్రం రాసినట్లుంది."

"నా చీర, నా మొకం, నా బిడ్డ మొకం" అంది ఇంటామె. "కడుపుతోనున్న పిల్ల ఇంట్ల ఉన్నది. బాణామతి చెయ్యనీకి నా ఇల్లే దొరికిందా నీకు?"

బాణామతి అంటే చేతబడి. ఆ పేరు పడ్డ ఆడదాన్ని ఊళ్లలో ఏం చేస్తారో నాకు తెలుసు. పళ్లు రాలగొట్టిన సంగతులు నేను అల్లినవి కావు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. బొంత, బిడ్డ, జిరాక్సు, థిన్నరు, చెంచా. ఒక్క ముక్క కలపలేదు. జీవితంలో అంత నిఖార్సయిన నిజం అంత పొడుగున నేనెప్పుడూ చెప్పలేదు. చెబుతుంటే నాకే అది అబద్ధంలా వినపడింది.

పక్కింటామె, "బండ జరుగుతదని గూడ గిట్లనే చెప్పింది. నేను జానతోని కొలిచిన" అంది.

ఇంటామె ముక్కలన్నీ మళ్లీ సంచిలో వేసి, సంచి తన దగ్గరే పెట్టుకుంది. "శుక్రారం పొద్దుగూకెవరకు ఖాళీ జెయ్యిండ్రి. నీ పెనిమిటి మంచోడు, ఆయనకు నేనేం చెప్పను. నువ్వే చెప్పుకో."

ఖాళీ చేయడం పెద్ద విషయం కాదు, సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక సైకిలు. కానీ ఆ మాట మా వెనకే వస్తుంది. మణికొండకు పోయినా, మాదాపూర్‌కు పోయినా, పాలవాళ్లు, కూలీలు, ట్యాంకర్లవాళ్లు అందరూ ఒక్కరే. మంత్రగత్తెకు గది ఎవరిస్తారు? ఆ పిల్ల కాన్పు ఏమాత్రం తేడాగా జరిగినా, దానికి జవాబు నేనే చెప్పాలి.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన చేతుల రంగు తుడుచుకుంటూ అంతా విని, "ఇన్నాళ్లూ ఊరందరికీ అబద్ధాలు పంచిపెట్టావు. ఇప్పుడొక నిజం పట్టుకెళ్తే ఎవరు తీసుకుంటారే?" అన్నాడు. తర్వాత మెల్లగా, "చెప్పకు. చేసి చూపించు" అన్నాడు.

మర్నాడు వెళ్లి ఇంటామె గుమ్మం కింద నిలబడ్డాను, మెట్టు ఎక్కకుండా. మా పెళ్లిఫోటో చూపించి, "మీ ముందే చేస్తానండి. నా ముఖం మీదే చేస్తాను. జిరాక్సు దగ్గరికి కూడా మీరే రండి" అన్నాను.

ఆమె ఫోటోను ముట్టుకోకుండా వంగి చూసింది. "నేను వస్త. గని నువ్వు నాకు ఎదురుంగ కూసోవద్దు. నీ సూపు నాకు తగలొద్దు."

సెవెన్ సీటర్‌లో ఆమె వెనక సీట్లో, నేను డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ వెళ్లాం. రాయదుర్గం దాటేదాకా ఆమె కళ్లు నా వీపు మీదే ఉన్నాయని నాకు తెలుస్తూనే ఉంది. కొంగుకు ముడేసిన నిమ్మకాయ ఒకటి ఉంది, దిగేటప్పుడు చూశాను.

జిరాక్సు కొట్లో ఆమె మెషీను చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. పచ్చటి వెలుగు అటూ ఇటూ పాకితే, రెండడుగులు వెనక్కి జరిగింది.

"ఈ పిల్ల ఇక్కడికే వస్తదా?"

కొట్టాయన తల ఎత్తకుండా, "నెలకు నాలుగుసార్లొస్తది. అన్నీ మొకాలే తెస్తది" అన్నాడు.

"మంత్రాలు గిట్ల ఏమన్న చదువుతదా?"

"నల్లగొచ్చిందని తిడుతది. ఇంకేం చదవది."

ఆయన సాక్ష్యం నాకు పనికొస్తుందనుకున్నాను. ఆమె మాత్రం ఆయన్ని కూడా అనుమానంగా చూసి, నా కాగితాన్ని రెండు వేళ్లతో చివర పట్టుకుని తనే తెచ్చింది.

పెరట్లో బండరాయి మీద, పట్టపగలు, అందరి ముందూ చేశాను. తెల్ల పంచె ముక్క, దాని మీద మా పెళ్లిఫోటో కాగితం బోర్లా, థిన్నరు, చెంచా. కూతురు కిటికీలోంచి చూస్తోంది, పక్కింటామె గేటు పట్టుకుని చూస్తోంది. థిన్నరు ఎక్కువై మా ఆయన మీసం కొంచెం పాకింది. కాగితం లేపాను. నేనూ ఆయనా బట్ట మీద దిగాం. పెళ్లిపీటల మీద నేను ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను కదా, బట్ట మీద కుడివైపుకు పోయాను.

"చూశారా అండి. మావీ తిరగబడ్డాయి. ఇది పని తీరు, అంతే."

ఆమె చూసింది. మళ్లీ చూసింది. నేను గెలిచాననుకున్న క్షణంలో పక్కింటామె గేటు దగ్గర్నుంచి మెల్లగా అంది.

"మంత్రగత్తెకు దాని మంత్రం తగుల్తదా వదినా? పాముకు దాని ఇసం ఎక్కదు గద."

 ఎంత చేసి చూపిస్తే అంత చేతబడి తెలిసినదాన్నవుతున్నాను. ఇంటామె ముఖంలో, మా బొమ్మ చూసి కాస్త సడలిన ముడి మళ్లీ బిగుసుకుంది. లోపలికి వెళ్లి రెక్సిన్ సంచి తెచ్చింది.

"ఇగ మాటలొద్దు. గివి పొయిల ఏస్తా."

పొయ్యి పెరటి గోడవార ఉంది, ఆ గోడకే ఒక అద్దం. ఇంటాయన గడ్డం గీసుకునే అద్దం, మూల పగిలినది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి పైన ఉన్న ముక్క తీసింది. అది తన ముఖమే. పొయ్యి వైపు వంగబోతూ ఆగింది. అద్దంలో ఆమె ముఖం, చేతిలో ఆమె ముఖం. పక్కపక్కన పడ్డాయి.

ఆమె బట్టను అద్దం పక్కన గోడకు ఆనించి పట్టుకుంది. తల కొంచెం ఇటు తిప్పింది. బుగ్గ మీది పుట్టుమచ్చను వేలితో ముట్టుకుని అద్దంలో చూసింది. తర్వాత బట్ట మీది మచ్చను ముట్టుకుంది. రెండూ ఒకే పక్కన ఉన్నాయి. పైట కూడా అంతే.

పొయ్యి మీద బర్రెల కుడితి పొంగింది. ఎవరూ దించలేదు.

"పిల్లా" అంది, నా వైపు తిరగకుండా. "నేను రోజూ చూసుకునే మొకం గిదే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది, నాకు కాదు, గోడకు చెప్పినట్టు.

"నా పెండ్లి ఫోటో గోడకున్నది గద. ఇరవై అయిదేండ్లాయె. దాన్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంటది, ఇది నా తీరు లేదు, ఎవలదో పిల్లది పెట్టిన్రేమో అని. ఎవలకు చెప్పలే. నవ్వుతరని. గిది... గిది నేనే."

పక్కింటామె ఏదో అనబోయింది. ఇంటామె చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు జర ఆగు. పో, అద్దంల చూసుకో, నీ ముక్కుపుల్ల ఎటు దిక్కున్నదో చూసుకో. మళ్ల నన్ను అడుగు, ఎటు దిక్కున్నదని."

పక్కింటామె నిజంగానే వచ్చి చూసుకుంది. ఇంటామె ఎదురుగా నిలబడి వేలు చూపించింది. ఇద్దరికీ లెక్క కుదరలేదు. మళ్లీ చూసుకుంది. ఇద్దరూ కాసేపు అద్దం ముందు అటూ ఇటూ తిరిగారు. కూతురు కిటికీలోంచి, "అమ్మా, కుడితి పొంగుతున్నది" అంటే అప్పుడు దించారు.

నమ్మింది అనలేను. ఆమె అంత సులువుగా నమ్మే మనిషి కాదు. అద్దంలో ఉన్నదాన్నే నేను బట్ట మీద దింపానన్నంతవరకు ఒప్పుకుంది. "రోజూ అద్దం చూసుకుంటే ఏంగాదు. గిట్లనే బట్ట చూసుకుంటే ఏమైతది?" అని తనలో తనే తర్కించుకుంది. సాయంత్రం మజ్జిగ వచ్చింది, చెంబెడు కాదు, అరచెంబు. నేను తాగే ముందు వాసన చూశాను. అనుమానం ఒక్కరి సొత్తేమీ కాదు.

శుక్రవారం వచ్చింది. నేను ట్రంకు పెట్టె సర్ది ఉంచాను. పొద్దు గూకుతుండగా ఆమె వచ్చి పెట్టె మీద కూర్చుంది. చేతిలో అల్లుడి జిరాక్సు కాగితం, సంచిలో నేను వాడకుండా మిగిల్చిన రెండో కాపీ.

"నాదట్లనే ఉండనియ్యి. గని వీండ్లవి సీదా చెయ్యి. అల్లుడు ఎడమ చెయ్యివాడని రేపు బిడ్డ అనుకోవద్దు."

"సీదాగా రాదు అక్కా. బోర్లా వేస్తే తిరగబడుతుంది."

ఆమె కాగితాన్ని తలుపులోంచి వస్తున్న ఎండకు పట్టి, వెనకవైపు నుంచి నాకు చూపించింది. "గిట్ల ఎనకకెల్లి చూడు. ఉల్టా ఉన్నది. ఈ ఎనక మొకాన్ని ముందుకు తెచ్చి రుద్దితే, బట్ట మీద సీదా పడ్తది గద. కాయితం కిటికీ అద్దం లెక్క ఇటుకెల్లి అటు కనపడేటట్లు ఉంటే అయిపోవు."

రెండేళ్లుగా ఆ పని చేస్తున్నాను. ఎప్పుడూ తట్టలేదు. మర్నాడు జిరాక్సు కొట్టాయనకు చెబితే, కంప్యూటరు క్లాసులవాళ్లు గోడ మీద బొమ్మ వేసి చూపించే ప్లాస్టిక్ కాగితం తీశాడు. ఫోటోను దాని మీద తీసి, తిప్పి పెట్టి, మళ్లీ మామూలు కాగితం మీద తీశాడు. "ఇన్నాళ్లు అడగలేదెందుకు?" అన్నాడు. ట్రంకు పెట్టె మళ్లీ విప్పాను. అది విప్పమని ఆమె చెప్పలేదు, విప్పొద్దనీ చెప్పలేదు.

రెండు నెలలకు కూతురి పురుడు తేలిగ్గానే జరిగింది. ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసినప్పుడు బొంత పరిచారు. ముందుగా కుట్టిందని నేను చెప్పలేదు. నేను నోరు తెరవకముందే నా అబద్ధం ఇంటామే చెప్పేసింది, నా కంటే బాగా. ఇరవై రోజుల్లో, రెండు చేతులతో రెండు సూదులు పట్టుకుని, పాలు పితికేంత సేపట్లో ఒక్కో మూల కుట్టేసిందని చెప్పింది. అంత కథ నేనెప్పుడూ చెప్పలేదు.

తొట్టెల చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె బొంత మూలలు ఎత్తి చూసి, "మూడు మంచిగనే ఉన్నయి. గిదొక్కటి ఉల్టా ఎందుకున్నది?" అంది.

ఇంటామె మనవరాలి తల కిందకు బొంత సర్దుతూ, "నేను సీదనే ఉన్న. మీరే అటు దిక్కుకెల్లి చూస్తున్రు" అంది.

ఆ తర్వాతి శనివారం తలుపు తీస్తే గడప ముందు మళ్లీ నిమ్మకాయ.  పెరట్లో పేడ ఎత్తుతున్న ఆమెను అడిగాను, ఇది నా కోసమేనా అని.

"నీ కోసం గాదు" అంది. గొంతు తగ్గించి, పాలకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డ పక్కింటామె వైపు గడ్డం ఎగరేసింది. "బిడ్డను చూస్తది గని నోట్లెకెల్లి ఒక్క మంచి మాట ఎల్లదు. నాకు డౌటున్నది. నీ గడప ఆమెకు ఎదురుంగ పడ్తది, అందుకే నీ కాడ పెట్టిన. జర చూస్తుండు."

చూస్తూ ఉన్నాను. ఆ గదిలో ఇంకో మూడేళ్లున్నాం.